తోట గదికి రంగు చివరి పని

తెలుగు రాష్ట్రాల తోటల్లో కొయ్యతో కట్టిన గదులు మళ్ళీ కనిపిస్తున్నాయి. మామిడి, బత్తాయి తోటల్లో కాపలాకు, పనిముట్ల నిల్వకు రైతులు కట్టుకున్నవి కొన్ని. నగర శివార్ల పొలాల్లో విశ్రాంతి కోసం కట్టించుకున్నవి మరికొన్ని. అరకు, మారేడుమిల్లి, కోనసీమ వంటి చోట్ల పర్యాటకుల కోసం నిలబెట్టినవి ఇంకొన్ని. కట్టిన ఏడాది ఇవి చూడముచ్చటగా ఉంటాయి. రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి పలకలు నల్లబడతాయి, వార్నిష్ పొలుసులుగా లేస్తుంది, గుంజల అడుగు మెత్తబడుతుంది, గోడ వెంట చెదల మట్టి గీతలు పైకి పాకుతాయి. అప్పుడు యజమాని పెయింటరును పిలిపిస్తాడు. పాత పూత మీద మరో రెండు పూతలు పడతాయి. గది మాత్రం కుళ్ళుతూనే ఉంటుంది.

ఈ వైఫల్యానికి రంగు నాణ్యతే కారణమని సాధారణంగా భావిస్తారు. అందుకే మరింత ఖరీదైన రంగు కోసం వెతుకుతారు. అసలు కారణం వేరు. ఎండ, వాన, శిలీంధ్రం, చెదలు అనే నాలుగింటి నుంచి కొయ్యను కాపాడే పని చెట్టు నరికిన నాడే మొదలు కావాలి. తగిన కొయ్యను ఎంచుకోవడం, మందు పట్టించడం, ఆరబెట్టడం, నేలకూ వానకూ దూరంగా నిలబెట్టడం, ఆ తరువాతనే రంగు. ఈ వరుసలో చివరి పనిని మొదటి పనిగా, తరచుగా ఏకైక పనిగా చేయడమే నేటి లోపం. దీనిని సరిదిద్దే బాధ్యతలో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలకు వాటా ఉన్నది. ఎందుకంటే ఆ గదులకు వాడే కొయ్యలో చాలా భాగం పొలం గట్ల మీద పండినదే.

కొయ్య కూడా కోసిన పంటే

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన వరి రైతులకు కంఠస్థం. కల్లంలో ఆరబోయకుండా ధాన్యాన్ని బస్తాలకెత్తితే ఏమవుతుందో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అదే రైతు గట్టు మీది వేపనో, మలబారు వేపనో, సరుగుడునో నరికించి, నెల తిరగకముందే గదికి చట్రం కట్టిస్తాడు. ఆ కొయ్యలో తేమ ఎంత అని రైతు అడగడు, వడ్రంగి చెప్పడు, రంగుల దుకాణదారు పట్టించుకోడు. ధాన్యానికి వర్తించే శాస్త్రం కొయ్యకు వర్తించదని ఎక్కడా రాసి లేదు. ఆచరణలో మాత్రం ఆ భావన స్థిరపడిపోయింది.

పచ్చి కొయ్యలో నీరు రెండు విధాలుగా ఉంటుంది. కణాల బోలులో స్వేచ్ఛగా ఉండేది ఒకటి, కణ గోడల్లో బంధితమై ఉండేది మరొకటి. ఆరేటప్పుడు స్వేచ్ఛగా ఉన్న నీరు ముందు పోతుంది. ఆ దశలో కొయ్య కొలతలు దాదాపు మారవు. పొడి కొయ్య బరువులో తేమ సుమారు 28 నుంచి 30 శాతానికి దిగిన తరువాత కణ గోడల నీరు పోవడం మొదలవుతుంది. అప్పటి నుంచి కొయ్య కుంచించుకుంటుంది. ఈ కుంచింపు అన్ని దిశల్లో సమానం కాదు. మాను వలయాల వెంబడి కలిగే కుంచింపు, మాను నడిమి నుంచి బెరడు వైపుగా కలిగే కుంచింపుకు దాదాపు రెట్టింపు. పలకలు దోనెలా వంగడానికి, గుంజలు నిలువునా పగలడానికి మూలం ఇదే. పచ్చి పలకకు వేసిన పూత ఎంత ఖరీదైనదైనా కింద కొయ్య కదిలినప్పుడు చిట్లక తప్పదు. ఆ చిట్లులో దిగిన వాననీరు తిరిగి బయటకు రాలేక పూత కిందనే నిలుస్తుంది.

కుళ్ళు కలిగించే శిలీంధ్రాలకు కూడా తేమే ఆధారం. కొయ్యలో తేమ 20 శాతానికి లోపల నిలిచినంతకాలం అవి దానిని కుళ్ళబెట్టలేవు. భారత ప్రమాణాల సంస్థ తన ఐ.ఎస్. 287 ప్రమాణంలో దేశాన్ని గాలిలోని తేమను బట్టి మండలాలుగా విభజించి, ఏ మండలంలో ఏ అవసరానికి వాడే కొయ్యలో ఎంత తేమ ఉండవచ్చునో నిర్దేశించింది. ఆరబెట్టే పద్ధతులను ఐ.ఎస్. 1141 వివరిస్తుంది. మచిలీపట్నం తీరాన నిలిచే తలుపు, అనంతపురం మెట్టలో నిలిచే తలుపు ఒకే తేమ వద్ద స్థిరపడవన్నది ఈ విభజనలోని సారాంశం. పుస్తకాల్లో ఇంత స్పష్టంగా ఉన్న విషయం పల్లెలోని కోత మిల్లు దాకా చేరలేదు. పలకల మధ్య సన్నని అడ్డకర్రలు పెట్టి, నేలకు ఎత్తుగా, నీడలో, గాలి ఆడేలా కొన్ని నెలలు పేర్చి ఉంచడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఇందుకు కావలసినవి కొద్దిపాటి స్థలం, ఓర్పు, నిర్మాణానికి ముందుచూపు.

ఎండ చేసే హాని, వాన చేసే హాని

రంగు ఏ పని చేయగలదో, ఏది చేయలేదో తెలియాలంటే ఎండ హానిని, వాన హానిని వేరుగా చూడాలి. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు కొయ్య పోగులను అంటిపెట్టి ఉంచే లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేస్తాయి. విరిగిన లిగ్నిన్‌ను వాన కడిగివేస్తుంది. పైన సెల్యులోజ్ పోగులు మిగిలి కొయ్య బూడిద రంగుకు తిరుగుతుంది. ఈ మార్పు పైపొరకే పరిమితం. దాని వలన కొయ్య అరిగేది అతి నెమ్మదిగా. నెరిసిన కొయ్య కుళ్ళిన కొయ్య కాదు. కుళ్ళు పుట్టేది నీరు నిలిచే చోట: గుంజ అడుగున, అతుకుల్లో, కిటికీ గడప కింద, పలకల కోసిన చివరల్లో. యజమాని దృష్టి నెరిసిన గోడ మీద ఉండగా, హాని కంటికి కనిపించని అతుకులో జరుగుతూ ఉంటుంది.

పూతల్లో మూడు రకాలను వేరు చేసి చూడాలి. మొదటిది పారదర్శకమైన వార్నిష్. సాధారణ వార్నిష్‌లో ఎండను అడ్డుకునే వర్ణకాలు ఉండవు గనుక కిరణాలు పొర గుండా పోయి కింది కొయ్యనే దెబ్బతీస్తాయి. పట్టు కోల్పోయిన పొర పొలుసులుగా లేస్తుంది. దానిని పూర్తిగా గీకి, నునుపు చేసి మళ్ళీ వేయవలసిందే. రెండవది మందంగా పొర కట్టే పెయింటు. ఇది ఎండను బాగా ఆపుతుంది. అయితే ఎక్కడైనా చిట్లితే లోపలికి పోయిన నీటిని బయటకు రానివ్వదు. మూడవది కొయ్యలోకి ఇంకే వర్ణక పూత, అంగడిలో వుడ్ స్టెయిన్ అని పిలిచేది. ఇందులోని ఐరన్ ఆక్సైడ్ వంటి వర్ణకాలు ఎండను అడ్డుకుంటాయి, నూనె లేదా రెజిన్ నీటిని కొంత వికర్షిస్తుంది. మందమైన పొర కట్టదు గనుక పొలుసు లేవదు, క్రమంగా వెలుస్తుంది. వెలిసినప్పుడు దుమ్ము దులిపి, తేలికగా రుద్ది, మరో పూత వేస్తే సరిపోతుంది. ఆరుబయటి తోట గదికి, పల్లెలో దొరికే పనితనానికి ఈ మూడవ రకమే తగినది.

ఇంటి లోపలికి ఒప్పే మెరుపు ఆరుబయటకు ఒప్పదన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఏటికొప్పాక బొమ్మలకు వన్నె తెచ్చే లక్క అందుకు ఉదాహరణ. నీడలో అది తరాల పాటు నిలుస్తుంది. తడి తగిలితే తెల్లబారుతుంది. బయటి గోడకు లక్క పాలిష్ వేయించి వానకు పోయిందని నిందించడం ఆ పదార్థానికి అన్యాయం చేయడమే.

పూర్వపు ఇళ్ళు చెప్పే పాఠం

గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో టేకు స్తంభాలు నేలలో దిగి ఉండవు. రాతి దిమ్మల మీద నిలుస్తాయి. ఇల్లు ఎత్తైన అరుగు మీద ఉంటుంది. చూరు గోడను దాటి బాగా ముందుకు వస్తుంది. ఈ మూడు ఏర్పాట్లూ కొయ్యను నేల తేమ నుంచి, వాన జల్లు నుంచి, నేల మీద పడి ఎగిరే చినుకుల నుంచి కాపాడతాయి. ఉత్తర కోస్తా చుట్టిళ్ళలో గోడలను దాదాపు కప్పివేస్తూ కిందికి దిగే కప్పు చేసేది కూడా ఈ పనే. ఏ రంగు డబ్బా ఇవ్వలేని రక్షణను ఆ ఇళ్ళకు వాటి రూపమే ఇచ్చింది.

నేటి తోట గదుల్లో అనేకం దీనికి విరుద్ధంగా ఉంటున్నాయి. గుంజను గోతిలో పాతి చుట్టూ కాంక్రీటు పోస్తారు. గుంజ కుంచించుకున్నాక కాంక్రీటుకూ కొయ్యకూ మధ్య ఏర్పడే సందు నీటికి గిన్నె అవుతుంది. చూరు గోడతో సమానంగా తెగిపోతుంది. కింది పలక మట్టిని తాకుతూ ఉంటుంది. ఇటువంటి గదికి ఎన్ని పూతలు వేసినా ప్రయోజనం స్వల్పం.

సరిదిద్దవలసినవి కష్టమైనవి కావు. గది నేలను భూమికి కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున రాతి లేదా కాంక్రీటు దిమ్మల మీద నిలపాలి. గుంజ అడుగుకూ దిమ్మకూ మధ్య ఇనుప పాదం పెట్టి నీరు జారిపోయే ఖాళీ ఉంచాలి. చూరు గోడను దాటి కనీసం 60 సెంటీమీటర్లు రావాలి. పలకలను కింది నుంచి పైకి ఒకదానిపై ఒకటి కప్పుతూ బిగిస్తే నీరు లోపలికి పోదు. కోసిన చివరలు పలక వైపుల కంటే ఎన్నో రెట్లు వేగంగా నీటిని పీలుస్తాయి గనుక, బిగించడానికి ముందే ప్రతి చివరకూ పూత వేయాలి. బిగించిన తరువాత అక్కడికి కుంచె అందదు. తుమ్మ, టేకు వంటి కొయ్యల్లోని పదార్థాలతో మామూలు ఇనుప మేకు చర్య జరిపి నల్లని మరకలు తెస్తుంది. తీర ప్రాంతంలో ఉప్పుగాలికి అది త్వరగా తుప్పు కూడా పడుతుంది. జింకు పూత ఉన్న మేకులు, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడితే ఈ రెండూ తప్పుతాయి.

చెదల విషయంలోనూ ఎత్తే మొదటి రక్షణ. నేలలో పుట్ట ఉన్న చెదలు మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి రావాలి. దిమ్మలు బయటకు కనిపిస్తూ ఉంటే ఆ గొట్టాలు వెంటనే కంటబడతాయి, తుడిచివేయవచ్చు. కొయ్య మట్టిలోనే ఉంటే చెదలు లోలోపలే ఎక్కుతాయి. పునాది నేలకు మందు వేయవలసి వస్తే అందుకు ఐ.ఎస్. 6313 ప్రమాణం ఉన్నది. దానిని పాటించకుండా పంటకు వాడగా మిగిలిన పురుగుమందును గోడలపై చల్లడం గదిలో పడుకునే మనిషికే ప్రమాదం.

చేవ, తెల్లచెక్క, మందు

తెలుగులో చేవ అనే మాట మనిషికీ కొయ్యకూ చెల్లుతుంది. మాను నడుమ ముదిరిన భాగం చేవ. బెరడు వైపు నీటిని మోసే లేత భాగం తెల్లచెక్క. ఏ జాతి చెట్టుదైనా తెల్లచెక్కకు సహజమైన మన్నిక లేదు. తాటి, కొబ్బరి వంటి చెట్లలో అమరిక తారుమారు. గట్టిదనం బయటి వైపున, మెత్తదనం నడుమ. తాటి దూలాలు చీల్చే పనివారు నడిమి మెత్తని భాగాన్ని తీసివేయడం ఈ ఎరుకతోనే.

భారత ప్రమాణాలు కొయ్యల మన్నికను మూడు తరగతులుగా చూస్తాయి. చేవ కొయ్య ముక్కలను పరీక్షా క్షేత్రంలో సగం వరకు నేలలో పాతి, అవి ఎంతకాలం నిలిచాయో లెక్కిస్తారు. సగటున 120 నెలలు లేదా అంతకు మించి నిలిచేవి మొదటి తరగతి. 60 నుంచి 120 నెలలలోపు నిలిచేవి రెండవ తరగతి. 60 నెలల కంటే తక్కువ నిలిచేవి మూడవ తరగతి. టేకు మొదటి తరగతిలో, మామిడి మూడవ తరగతిలో ఉన్నాయి. అయితే నేడు పొలాల్లో త్వరగా పెంచి త్వరగా నరికే చెట్లలో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. టేకు అన్న పేరు చూసి లేత టేకును ముదురు టేకు ధరకు కొంటే, ఆ పేరు వానను ఆపదు.

తెల్లచెక్కకు ఒక సుగుణం ఉన్నది. చేవలోకి ఎక్కని మందు అందులోకి సులభంగా ఎక్కుతుంది. అందువలన మందు పట్టించిన గుండ్రని సరుగుడు గుంజ, మందు లేని అదే గుంజ కంటే ఎంతో ఎక్కువకాలం నిలుస్తుంది. ఈ రంగంలో ప్రపంచమంతా వాడిన ఒక ఆవిష్కరణ భారతదేశానిది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించారు. ఆస్కూ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆ మందును క్రోమియం కొయ్యలో స్థిరపరుస్తుంది. వానకు సులభంగా కడుక్కుపోదు. స్తంభాల నుంచి కంచె గుంజల దాకా దశాబ్దాల పాటు అనేక దేశాలు దీనిపై ఆధారపడ్డాయి. ఆర్సెనిక్ వలన కలిగే ఆరోగ్య సందేహాల కారణంగా అమెరికాలో 2003 చివరి నాటికి నివాస అవసరాల నుంచి దీనిని ఉపసంహరించారు. యూరప్‌లోనూ అదే కాలంలో ఆంక్షలు వచ్చాయి.

దీనికి ప్రత్యామ్నాయంగా బోరిక్ ఆమ్లం, బోరాక్స్ మిశ్రమం ఉన్నది. పుచ్చు పురుగుకూ శిలీంధ్రానికీ ఇది పనిచేస్తుంది, మనుషులకు హాని తక్కువ. పచ్చి కొయ్యలోకి, వెదురులోకి చక్కగా వ్యాపిస్తుంది గనుక అప్పుడే నరికిన వాటిని ద్రావణంలో నానబెట్టి, ఆ తరువాత ఆరబెట్టవచ్చు. దీని లోపం నీటిలో కరిగిపోవడం. నేలలో పాతిన గుంజకు, వానలో తడిసే పలకకు అది ఒంటరిగా చాలదు. ఇక్కడే రంగుకు నిజమైన పాత్ర దొరుకుతుంది. దిమ్మ మీద నిలిచి, చూరు నీడలో ఉండి, వర్ణక పూత ఉన్న గోడలో బోరాన్ కడుక్కుపోకుండా నిలుస్తుంది. నిర్మాణ రూపం, మందు, రంగు ఒకదానికొకటి తోడైనప్పుడే తక్కువ విషంతో ఎక్కువ మన్నిక సాధ్యమవుతుంది. ఒకటి లోపిస్తే రెండవదానిలో విషం పెంచవలసి వస్తుంది.

పొయ్యిలోకి పోయే ముక్కలు

కొయ్య సంరక్షణ గురించి రాసే పాశ్చాత్య గ్రంథాలు తెలుగు పల్లెను దృష్టిలో పెట్టుకొని రాసినవి కావు. పల్లెలో కోయగా మిగిలిన ఏ ముక్కా వృథా కాదు, పొయ్యిలోకి పోతుంది. పొయ్యిలోని బూడిద పెంటకుప్పకో, కూరపాదులకో చేరుతుంది. ఆర్సెనిక్ ఉన్న కొయ్య ముక్కలను కాలిస్తే ఆ విషం పొగలోనూ బూడిదలోనూ మిగులుతుంది. వంటింటి గాలి ద్వారా, కూరగాయల మడి ద్వారా అది తిరిగి ఆ కుటుంబానికే చేరుతుంది. మందు పట్టించిన కొయ్యను ఏ గుర్తూ లేకుండా అమ్మడం వలన కొన్నవారికి ఆ సంగతి తెలిసే మార్గమే లేదు. ఏ మందు పట్టించారో, కాల్చరాదో తెలిపే చెరగని ముద్ర ప్రతి గుంజ మీదా ఉండి తీరాలి.

అంతకంటే విస్తృతమైన అలవాటు, ట్రాక్టరు నుంచి తీసిన కాలిన ఇంజన్ ఆయిల్‌ను గుంజలకు పూయడం. ఖర్చు లేదు, నల్లగా పట్టుకుంటుంది, చెదలు కొంతకాలం దూరంగా ఉంటాయి. అయితే అది కొయ్యలోతుకు దిగదు. అందులో లోహ కణాలు, క్యాన్సర్ కారకాలైన హైడ్రోకార్బన్లు ఉంటాయి. వాన పడిన ప్రతిసారీ కొంత నేలలోకి దిగుతుంది. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు సంబంధించిన 2016 నిబంధనల పరిధిలోకి వస్తుంది. నేల ఆరోగ్య కార్డులు ఇచ్చే వ్యవస్థ, అదే నేల మీద ఈ నూనె పోయడాన్ని చూసీ చూడనట్లు ఉండరాదు. రైతును తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. చేతికందే మెరుగైన పద్ధతి చూపనంతకాలం ఉచితంగా దొరికినదే వాడతారు.

విత్తనాలు, దాణా, ధాన్యం నిల్వచేసే గదుల్లో మరో జాగ్రత్త అవసరం. ఆహారానికి తగిలే లోపలి పలకలకు ఏ సంరక్షక మందూ వాడరాదు. బాగా ఆరిన కొయ్య, గాలి ఆడే ఏర్పాటు చాలు.

రంగు వేయవలసిన వేళ

పై పనులన్నీ జరిగిన తరువాత రంగుకు చోటు. దానికీ కాలం ఉన్నది. వర్షాకాలం ముగిసి కొయ్యలోని తేమ దిగిన తరువాత, వేసవి తీవ్రం కాకముందు, అంటే తెలుగు రాష్ట్రాల్లో చాలా చోట్ల ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉండే నెల్లూరు వైపు తొందరపడరాదు. మంచు తడి ఆరిన తరువాత, ఎండ గోడ మీదికి రాకముందు ఆ గోడకు పని ముగించాలి. కాలుతున్న పలక మీద పూత లోపలికి ఇంకకముందే పైన ఆరిపోతుంది.

ముదురు రంగు పలకను ఎక్కువగా వేడెక్కించి పగుళ్లు తెస్తుంది. పూర్తిగా లేత రంగులో వర్ణకం చాలదు. మధ్యస్థమైన గోధుమ, ఎరుపు ఛాయలు రెంటికీ నడుమ నిలుస్తాయి. పడమర, దక్షిణ గోడలు ఎండకు త్వరగా వెలుస్తాయి, ఉత్తరపు గోడకు బూజు ఎక్కువ. కాబట్టి నాలుగు గోడలకూ ఒకే గడువు పెట్టుకోనక్కరలేదు. మళ్ళీ పూత అవసరమా అన్నది తెలుసుకోవడానికి గోడపై కొన్ని నీటి చుక్కలు చల్లితే చాలు. అవి ముత్యాల్లా నిలిస్తే పూత పనిచేస్తున్నట్లు. ఇంకిపోతే వేయవలసిన సమయం వచ్చినట్లు. అవిసె నూనెతో పనిచేసేవారు నూనె గుడ్డలను ఉండలు చుట్టి మూలన పడేయరాదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. వాటిని విప్పి పరచి ఆరనివ్వాలి, లేదా నీటిలో ముంచాలి.

ఇనుప రేకు ఉండగా ఇదంతా ఎందుకు?

ఈ వాదనకు సహజంగా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇనుప రేకుల గది త్వరగా లేస్తుంది, రంగు అడగదు, చెదలకు లొంగదు. నిజమే. మధ్యాహ్నం మనిషి లోపల కూర్చోలేని వేడిని, తుఫాను గాలికి ఊడి ఎగిరే రేకు అంచును, తీరపు ఉప్పుగాలికి పట్టే తుప్పును కూడా లెక్కలో చేర్చాలి. అన్నిటికీ మించి, రేకు కొన్న డబ్బు గ్రామం దాటిపోతుంది; గట్టు మీది కొయ్యకు వెచ్చించిన డబ్బు కోత మిల్లుకు, వడ్రంగికి, రైతుకు చేరుతుంది. 2014లో వచ్చిన జాతీయ వ్యవసాయ అటవీ విధానం పొలాల్లో చెట్లు పెంచమని ప్రోత్సహించింది. చెట్లు పెరిగాయి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ పండించిన రైతుకు నేటికీ ప్రధానమైన కొనుగోలుదారు కాగితపు మిల్లే. ధర తగ్గిన ఏడాది మరో దారి లేదు. మన్నికైన గుంజగా, పలకగా అమ్ముకోగలిగితే రెండవ దారి తెరుచుకుంటుంది. కొయ్య మన్నికపై నమ్మకం లేనిదే ఆ దారి తెరుచుకోదు.

తుఫానుల అనుభవం కూడా దీనినే చెబుతున్నది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ పరిసరాల్లో, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం ఉద్దానంలో లెక్కలేనన్ని చెట్లను కూల్చాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి రైతులు ఏళ్ళ తరబడి పెంచిన తోటలను ఒక్క రాత్రిలో కోల్పోయారు. అటువంటి వేళ పడిన మాను వారాల్లోనే పుచ్చుతుంది. దానిని వెంటనే కోసి, మందులో నానబెట్టి, నీడలో పేర్చే ఏర్పాటు దగ్గరలో ఉంటే, తోటను మళ్ళీ నిలబెట్టుకునే కుటుంబానికి కనీసం గదికీ పశువుల కొట్టానికీ కావలసిన కొయ్య మిగులుతుంది.

విశ్వవిద్యాలయాలు చేయదగినవి

పరిశోధన పరంగా అవసరమైనవి భారీ ప్రయోగశాలలు కావు. ప్రతి వ్యవసాయ వాతావరణ మండలంలోని పరిశోధన స్థానంలో కొన్ని సెంట్ల నేల కేటాయించి, పొలాల్లో పండిన లేత వయసు సరుగుడు, మలబారు వేప, టేకు, వేప, కొబ్బరి ముక్కలను మందుతోనూ, మందు లేకుండానూ పాతి ఏటా పరిశీలించడం మొదటి పని. కొన్ని వాలు చట్రాలపై వివిధ పూతలు వేసిన పలకలను ఎండకూ వానకూ ఉంచడం రెండవది. ఇందులో స్థానిక పదార్థాలకు చోటివ్వాలి. పల్లె గోడలకు వాడే జాజులో ఉన్నది ఐరన్ ఆక్సైడే. పలాస జీడి పరిశ్రమలో ఉపోత్పత్తిగా వచ్చే జీడిపిక్కల నూనెను పడవలకు పూసే ఆచారం ఉన్నది. అది చర్మాన్ని బొబ్బలెక్కించే గుణమున్నది గనుక వాడే తీరును కూడా పరీక్షించాలి. జాజు, అవిసె నూనె, జీడిపిక్కల నూనెల కలయిక తక్కువ ఖర్చుతో నమ్మదగిన వర్ణక పూత కాగలదా అన్నది ఒక విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి చక్కని అంశం.

విస్తరణ పరంగా, కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఒక తేమ కొలిచే పరికరం, ఒక నానబెట్టే తొట్టి, ఒక ఆరబెట్టే షెడ్డు ఏర్పాటు చేసి, యంత్ర పరికరాల్లాగే రైతులకు అద్దెకు అందించవచ్చు. శిక్షణకు పిలవవలసినది రైతులను మాత్రమే కాదు. కోత మిల్లు యజమానిని, వడ్రంగిని, పెయింటరును కూడా ఒకే గదిలో కూర్చోబెట్టాలి. వీరిలో ప్రతి ఒక్కరూ లోపాన్ని మరొకరి మీదికి నెట్టే పరిస్థితి అప్పుడే తగ్గుతుంది. బెంగళూరులోని కలప విజ్ఞాన సాంకేతిక సంస్థ, ములుగులోని అటవీ కళాశాల పరిశోధన సంస్థ, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వంటివి చేయి కలిపితే కావలసిన నైపుణ్యం దక్షిణాదిలోనే ఉన్నది.

వ్యవసాయ విద్యలో పంటకోత అనంతర సాంకేతికతకు గౌరవప్రదమైన స్థానం దక్కడానికి దశాబ్దాలు పట్టింది. ధాన్యం, పండు, కూరగాయ ఆ పరిధిలోకి వచ్చాయి. పొలం గట్టు మీది చెట్టు ఇంకా బయటే ఉన్నది. దానిని కూడా లోపలికి తీసుకురావడానికి కావలసినది పాఠ్యప్రణాళికలో ఒక అధ్యాయం, పరిశోధన స్థానంలో ఒక మడి, కృషి విజ్ఞాన కేంద్రంలో ఒక తొట్టి. అవి సమకూరిన నాడు తోట గది యజమాని రంగుల దుకాణానికి పోయే ముందు అడగవలసిన ప్రశ్నలు అడుగుతాడు: ఈ కొయ్య ఏ వయసుది, ఎంత ఆరింది, ఏ మందు పట్టింది, ఎంత ఎత్తున నిలుస్తుంది. వాటికి సమాధానాలు దొరికిన తరువాత ఏ రంగు వేయాలన్నది సులభమైన ప్రశ్నే.